మాక్లూరులో మూగబోయిన టీవీ

ఈ నెల మనం మాక్లూరు చూసివద్దాం. పటం తీసి, తెలంగాణకు ఉత్తరాన నిజామాబాదు ఎక్కడుందో వెతకండి. అక్కడి నుంచి ఆర్మూరు వైపు వేలు జరపండి. ఆ రెంటికీ మధ్యనే ఉన్నది మాక్లూరు. మా అక్కను ఆ ఊరికే ఇచ్చారు. అంచేత ఏడాదికొకసారైనా నేను అక్కడికి పోతూంటాను.

నిజామాబాదుకు పాత పేరు ఇందూరు. అటు ఆర్మూరు చేరేసరికి నల్లరాళ్ళ గుట్టలు కనిపిస్తాయి. రాక్షసుల పిల్లలెవరో బండరాళ్ళతో ఆడుకుంటూ, అమ్మ పిలిస్తే ఆట మధ్యలో లేచిపోయినట్టు, బండ మీద బండ, దాని మీద మరో బండ నిలిచి ఉంటాయి. వాటిలో సిద్ధుల గుట్ట చాలా పేరు పొందింది. గుట్టలు ఈ సీమకు అందం తెచ్చాయి. అన్నం పెట్టేవాటిలో ముఖ్యమైనది మాత్రం పసుపు.

అమ్మ కూరలో వేసే చిటికెడు పసుపు వెనక ఎంత పని ఉన్నదో మీకు తెలుసా? తొలకరి పడగానే విత్తనపు దుంపలు నాటుతారు. ఎనిమిది తొమ్మిది నెలలు నీళ్ళు పెట్టి, కలుపు తీసి, కాపాడుతారు. ఆకులు ఎండి నేలకు వాలాక తవ్వుతారు. తవ్విన దుంపను ఉడకబెట్టాలి. ఉడికినదాన్ని కల్లంలో పది పదిహేను రోజులు ఎండబెట్టాలి. ఎండినదాన్ని పెద్ద డ్రమ్ములో పోసి గిరగిర తిప్పితే, కొమ్ములు ఒకదానికొకటి రాసుకుని, పైపొట్టు రాలిపోయి, నునుపు తేలుతాయి. అప్పుడు బస్తాలకెత్తి నిజామాబాదు మార్కెట్టు యార్డుకు తోలుకుపోతారు.

ఈ సీమ రైతులు కష్టపడటమే కాదు, తమ కష్టం పైకి చెప్పుకోవడం కూడా ఎరిగినవాళ్ళు. పసుపుకు ఒక బోర్డు కావాలని, మంచి ధర కావాలని ఏళ్ళతరబడి అడిగారు. 2019 పార్లమెంటు ఎన్నికలలో నిజామాబాదు స్థానానికి 185 మంది పోటీ చేస్తే, వారిలో 170 మందికి పైగా రైతులే! చివరకు 2025 జనవరి 14న జాతీయ పసుపు బోర్డు నిజామాబాదులోనే మొదలయింది. ఈ సంగతి కాస్త గుర్తుంచుకోండి. ముందు ముందు దీనితో పని ఉన్నది.

ఈసారి నేను ఫాల్గుణ మాసంలో వెళ్ళాను. బస్సు దిగేసరికి ఊరంతా పచ్చిపసుపు వాసన. ఇంట్లో అడుగు పెట్టగానే ఒక వింత గమనించాను. ఎప్పుడూ గోల గోలగా ఉండే ముందుగది నిశ్శబ్దంగా ఉన్నది. గోడకు తగిలించిన పెద్ద టీవీ మీద పూల దుప్పటి కప్పి ఉన్నది.

"టీవీకి చలిజ్వరమా?" అన్నాను.

మా మేనకోడలికి పదకొండేళ్ళు. దానికి నవ్వు రాలేదు.

"సంక్రాంతికే పోయింది మామా. స్విచ్చు వేస్తే కంపెనీ పేరు కనబడుతది. మళ్ళ ఆరిపోతది. మళ్ళ పేరు. గంతే!" అన్నది.

బావ దుప్పటి తీసి చూపించాడు. నిజంగానే, తెర మీద కంపెనీ పేరు తళతళా మెరిసింది. కొంచెం సేపటికి చీకటి. మళ్ళీ పేరు. ఎంతసేపు చూసినా అదే ఆట.

"ఎప్పుడు కొన్నారు బావా?"

"ముందటేడు పసుపు అమ్మిన పైసలతోని కొన్నం బామ్మర్దీ. 24 వేలు. రెండు క్వింటాళ్ళ పసుపు పెట్టినట్టే. రెండేండ్లన్న నిండలె," అన్నాడు బావ.

"నాకు మోకాళ్ళు పట్టుకపోయినయి బిడ్డా. గుడికి పోలేను. పొద్దున ఆ డబ్బాలనే దేవుణ్ణి చూసుకునేదాన్ని," అన్నది మా అక్క అత్తగారు.

నేను అడిగితే బావ సంగతంతా చెప్పాడు. కంపెనీకి ఫోను చేస్తే, ఒకటి నొక్కండి, రెండు నొక్కండి అని చాలాసేపు నొక్కించారట. వారం తరువాత ఒకతను వచ్చాడు. వచ్చినందుకు 400 రూపాయలు తీసుకుని, టీవీ వెనక్కయినా తిప్పకుండానే, "వారంటీ ఏడాదే. ఇది లోపలి బోర్డు పోయింది. ఈ మోడలు ఇప్పుడు తయారు కావడం లేదు. బోర్డు రాదు. కొత్త టీవీ కొనుక్కోండి," అని చెప్పి వెళ్ళిపోయాడు.

మర్నాడు పొద్దున కల్లం దగ్గర మరొక వింత చూశాను. పసుపు ఉడకబెట్టే యంత్రం ఒకటి ట్రాక్టరు వెనక కట్టుకుని ఊరూరా తిరుగుతుంది. నీళ్ళు మరిగించే బానకూ, దుంపలు పోసే డ్రమ్ములకూ మధ్య గొట్టాలుంటాయి. ఆ రోజు ఒక గొట్టం అతుకు ఊడి, ఆవిరి బుస్సుమని బయటికి కొట్టింది. మంట తగ్గించారు. పక్క ఊరి వెల్డింగు అబ్బాయి స్కూటరు మీద వచ్చాడు. యంత్రం చల్లారాక అతుకు చూశాడు, రాకాడు, అతికాడు. మధ్యాహ్నం అన్నాల వేళకు యంత్రం మళ్ళీ పని చేస్తున్నది.

మా మేనకోడలు ఇదంతా చూస్తూ నిలబడ్డది.

"మామా, ఇంత పెద్ద మిషను ఒక్క పూటల బాగయింది. మన టీవీ రెండు నెలలాయె, ఎందుకు బాగు కాదు?" అని అడిగింది.

నాకు జవాబు తోచలేదు. "పద, తెలిసినవాళ్ళనే అడుగుదాం," అన్నాను.

టీవీని రెండు బొంతల మధ్య పెట్టి, ట్రాలీ ఆటోలో ఎక్కించుకుని, ముగ్గురం ఆర్మూరు బయలుదేరాం. దారిలో అంకాపూరు తగిలింది. విత్తనాల సాగుకు పేరుపడ్డ ఊరు అది. రోడ్డు పక్కన మక్కకంకులు కాలుస్తూంటే తలా ఒకటి కొనుక్కున్నాం.

ఆర్మూరు బజారులో మెకానిక్కు దుకాణం చిన్న గది. నేల నుంచి కప్పు దాకా టీవీలే. లావుపాటి పాత టీవీలు అడుగున, అట్టల్లాంటి కొత్తవి పైన. బల్ల మీద సోల్డరింగు ఐరన్, మీటరు. ఆయనకు అరవై ఏళ్ళుంటాయి. నలభై ఏళ్ళుగా ఇదే పని.

మా కన్న ముందే ఒక టీవీ బల్ల మీద ఉన్నది. మాటలు వినబడుతున్నాయి గాని, తెర నల్లగా ఉన్నది.

"ఇట్ల రా బిడ్డా, ఒక తమాషా చూపిస్త," అని మా మేనకోడల్ని పిలిచి, దుకాణంలో దీపం ఆర్పేశాడు. టార్చిలైటు తెరకు దగ్గరగా పట్టుకున్నాడు. నల్లని తెర మీద, వెలుగు పడ్డ చోట, సన్నగా బొమ్మ కదులుతున్నది!

"బొమ్మ ఉన్నదే!" అన్నది అది ఆశ్చర్యంగా.

ఈ పరీక్ష వెనక ఉన్న శాస్త్రం ఏమిటో చెబుతాను. ఇప్పటి ఎల్‌ఈడీ టీవీలలో చాలావాటి తెర తనంతట తాను వెలగదు. అది సన్నని రంగుల తెర. వెనక వరసగా చిన్న చిన్న ఎల్‌ఈడీ దీపాలుంటాయి. తోలుబొమ్మలాటలో తెర వెనక దీపం పెడతారే, అట్లాగన్నమాట. ఆ దీపాలను ఒకే తీగకు పూసల్లాగా గుచ్చుతారు. ఒక్క దీపం మాడి తీగ తెగిందంటే, ఆ వరసంతా ఆరిపోతుంది. బొమ్మ మాత్రం అక్కడే ఉంటుంది, చీకట్లో. దీపాల పట్టీ మారిస్తే టీవీ బాగవుతుంది.

"దీనికి పట్టీ దొరుకుతది. రేపటికి ఇచ్చేస్త. మీదేంది?" అన్నాడు మెకానిక్కు.

మా టీవీ వెనక మూత విప్పాడు. లోపల చూద్దుమా, అంత పెద్ద టీవీలో అరచేయంత బోర్డులు రెండో మూడో. తక్కినదంతా ఖాళీయే! కరెంటు సరిచేసే బోర్డుకు మీటరు పెట్టి చూశాడు. బాగున్నది. తెర బాగున్నది. దీపాలు బాగున్నాయి. స్పీకర్లు బాగున్నాయి. చివరకు రెండో బోర్డు మీద, వేలిగోరంత నల్లని చిప్పు ఒకటి చూపించాడు.

"గిదే. దీని మతి పోయింది," అన్నాడు.

స్మార్టు టీవీ అంటే నిజానికి టీవీ వేషం వేసుకున్న కంప్యూటరు. స్విచ్చు వేయగానే అది ముందు తన పాఠం తాను చదువుకోవాలి. ఆ పాఠమంతా ఉండేది ఆ చిప్పులోనే. మనం చూసే యాప్‌లు, అవి మార్చుకునే కొత్త కొత్త రూపాలు అన్నీ అందులోనే రాసి, చెరిపి, మళ్ళీ రాస్తూంటుంది. పలక మీద రాసి చెరిపి, రాసి చెరిపి, చివరకు పలక గీతలు పడి బలపం అంటనట్టే, ఆ చిప్పు కూడా కొన్ని వేలసార్లు రాసేసరికి అరిగిపోతుంది. అప్పుడు టీవీ తన పాఠం సగం చదివి మరిచిపోతుంది. మళ్ళీ మొదటి నుంచి మొదలు పెడుతుంది. అందుకే కంపెనీ పేరు మాత్రం వచ్చి ఆగిపోతున్నది.

"చిప్పు మార్చరాదా తాతా?" అని మా మేనకోడలు అడిగింది.

"చిప్పు మారుస్త. కాని దాంట్ల రాసే పాఠం నా దగ్గర లేదు బిడ్డా. అది కంపెనీ దగ్గరనే ఉంటది. మాకు ఇయ్యరు. బోర్డే మారుద్దామంటే, బోర్డు అమ్మరు. పాత రోజులల్ల కొన్ని రేడియోలకు లోపలి తీగలన్ని ఎట్ల పోయినయో ఒక కాయితం మీద గీసి వెనక అట్టకు అంటించి ఇచ్చేటోళ్ళు. అది చూసి నేర్చుకున్న. ఇప్పుడు నాకు చేతులున్నయి, కండ్లున్నయి. కాయితం లేదు," అన్నాడు.

ఆయన మా దగ్గర ఒక్క పైసా తీసుకోలేదు. టీవీ అక్కడే పెట్టి పొమ్మన్నాడు. మా ఫోను నంబరు గోడ మీద రాసుకున్నాడు.

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో నేను మా మేనకోడలికి ఒక పాత సంగతి చెప్పాను. మీరూ వినండి.

1975లో మన దేశంలో గొప్ప ప్రయోగం ఒకటి జరిగింది. దాని పేరు సైట్. అమెరికావారి ఉపగ్రహం ఒకదాన్ని ఏడాదిపాటు అరువు తీసుకుని, 1975 ఆగస్టు 1 నుంచి 1976 జులై 31 దాకా, ఆరు రాష్ట్రాలలో సుమారు 2,400 పల్లెలకు నేరుగా ఆకాశం నుంచి టీవీ కార్యక్రమాలు పంపారు. ఆనాటి ఆంధ్రప్రదేశ్ పల్లెలు కూడా వాటిలో ఉన్నాయి. పొద్దున బడిపిల్లలకు పాఠాలు, సాయంత్రం పెద్దలకు వ్యవసాయం, ఆరోగ్యం. మన పల్లెలకు తెలుగులోనే వచ్చేవి. సినిమా కూడా చూడని వాళ్ళు ఎందరో ఆ పెట్టె ముందు చేరి చూశారు.

ఆ టీవీలను తయారు చేసింది ఎవరనుకున్నారు? మన హైదరాబాదులోని ఈసీఐఎల్. డాక్టరు ఎ.ఎస్. రావుగారి ఆధ్వర్యాన 1967లో మొదలైన ప్రభుత్వ సంస్థ అది. అన్నిటికన్న నాకు ముచ్చట కలిగించే విషయం మరొకటి ఉన్నది. టీవీలు పల్లెలకు పంపేముందే, అవి చెడిపోతే ఎవరు బాగుచేస్తారని ఆలోచించారు. దుమ్ము, ఎండ, నిలకడలేని కరెంటు, ఇవన్నీ ఉంటాయని ముందే లెక్క వేసుకున్నారు. ప్రాంతం ప్రాంతానికీ మరమ్మతు కేంద్రాలు పెట్టి, విడిభాగాలు నిలవ ఉంచి, మనుషులను నియమించారు. ఎందుకంటే, పల్లెలో టీవీ మూగబోతే, ఉపగ్రహం ఎంత గొప్పదైనా ఏం లాభం?

అంతా విని మా మేనకోడలు, "అప్పటి టీవీకి బుద్ధి తక్కువ, దాన్ని పంపినోళ్ళకు బుద్ధి ఎక్కువ!" అన్నది. బావ ఫక్కున నవ్వాడు. రెండు నెలల తరువాత ఆ టీవీ పేరు చెప్పి నవ్వడం అదే మొదలు.

ఈ బాధ ఒక్క మాక్లూరుదే కాదు. ప్రపంచమంతటా ఉన్నది. అంచేత కొన్ని దేశాలు చట్టాలు చేశాయి. 2021 మార్చి 1 నుంచి ఐరోపా యూనియన్ దేశాలలో ఒక నియమం అమలుకు వచ్చింది. ఒక మోడలు టీవీ అమ్మడం మానేసిన తరువాత కూడా, దానికి కావలసిన ముఖ్యమైన విడిభాగాలు కొన్ని కనీసం ఏడేళ్ళపాటు మెకానిక్కులకు దొరికేట్టు చూడాలి. ఫ్రాన్సులో అదే ఏడు జనవరి నుంచి, పరీక్షలలో మీకు వేసినట్టే, టీవీలకూ పదికి ఇన్ని అని మార్కులు వేయసాగారు. విప్పడం తేలిక అయితే మార్కులు ఎక్కువ. విడిభాగాలు దొరక్కపోతే తక్కువ. ఆ మార్కులు దుకాణంలో ధర పక్కనే కనబడాలి.

మన దేశంలోనూ కదలిక వచ్చింది. 2022 జులైలో కేంద్ర ప్రభుత్వం మరమ్మతు హక్కు గురించి ఒక సంఘాన్ని వేసింది. వ్యవసాయ పనిముట్లు, ఫోన్లు, టీవీల వంటి ఇంటి సామాన్లు, మోటారు వాహనాలు, ఈ నాలుగు రకాలనూ ఎంచుకున్నది. ఆ ఏడే డిసెంబరు 24న, అంటే జాతీయ వినియోగదారుల దినం నాడు, ఒక పోర్టలు తెరిచింది. కంపెనీలు తమ మరమ్మతు వివరాలూ, విడిభాగాల సంగతీ అందులో పెట్టాలని ఉద్దేశం. ఇంటికి వచ్చాక మేము ఫోనులో అది తెరిచి చూశాం. కొన్ని కంపెనీల పేర్లున్నాయి. మా టీవీ కంపెనీ పేరు లేదు!

"ఇగ చేసేదేముంది?" అన్నాడు బావ.

"బోర్డు కోసం మీరంతా ఏండ్ల తరబడి అడగలేదా బాపూ? ఇదీ బోర్డు సంగతే కదా! అడుగుదాం," అన్నది మా మేనకోడలు.

ఆ మాటకు బావ నోరు మూతబడ్డది. పసుపు బోర్డు వేరు, టీవీ బోర్డు వేరు. అయినా అడగడం మాత్రం ఒకటే గదా!

వెంటనే 1915 నంబరుకు ఫోను చేశాం. ఇది జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం. తెలుగులోనే మాట్లాడారు. బిల్లు తేదీ, మోడలు, వచ్చిన మనిషి చెప్పిన మాటలు అన్నీ రాసుకుని, ఫిర్యాదు సంఖ్య ఇచ్చారు. అక్కడ తెగకపోతే నిజామాబాదులో జిల్లా వినియోగదారుల కమిషన్ ఉన్నది. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, తగాదా పుట్టిన రెండేళ్ళలోపల అక్కడ ఫిర్యాదు చేయవచ్చు. వకీలును పెట్టుకోకుండా మన మాట మనమే చెప్పుకోవచ్చు. అయిదు లక్షల రూపాయల లోపు వస్తువుకు రుసుము కూడా లేదు. కాని చేతిలో బిల్లు ఉండాలి. అదృష్టవశాత్తు మా అక్క దాన్ని బియ్యం డబ్బాలో దాచి పెట్టింది.

నేను హైదరాబాదు వచ్చిన పది రోజులకు కంపెనీ నుంచి జవాబు వచ్చిందట. పాత టీవీ ఇచ్చేస్తే కొత్తదాని మీద కొంత తగ్గిస్తామన్నారు.

"కొత్తది నాకెందుకు? దీనికి తెర బాగున్నది, దీపం బాగున్నది. గోరంత దాని కోసం ఇంకో రెండు క్వింటాళ్ళ పసుపు పెట్టాల్నా?" అని బావ ఒప్పుకోలేదు. బోర్డే కావాలని మళ్ళీ రాయించాడు.

ఉగాది వెళ్ళిన మర్నాడు నాకు ఫోను వచ్చింది. మా మేనకోడలే.

"మామా, టీవీ వచ్చింది! దేవుడు కనబడుతున్నడు!"

ఏం జరిగిందంటే, ఆర్మూరులో ఎవరి ఇంట్లోనో పిల్లలు బంతాట ఆడి టీవీ తెర పగలగొట్టారు. సరిగ్గా అదే కంపెనీ, అదే మోడలు. తెర పగిలితే దానికయ్యే ఖర్చు కొత్త టీవీకి దగ్గరగా ఉంటుంది గనక, వాళ్ళు దాన్ని మెకానిక్కుకు అమ్మేశారు. ఆయన దాని బోర్డు తీసి మన టీవీలో పెట్టాడు. పని చేయని టీవీలు రెండు కలిసి, పనిచేసే టీవీ ఒకటి అయింది.

డబ్బిస్తూ బావ ఆయన పనితనాన్ని మెచ్చుకున్నాడట. ఆయన తల అడ్డంగా ఊపి, "ఇది పనితనం కాదు, నసీబు. మీ టీవీ బాగు కావాలంటే ఇంకొకరి టీవీ పగలాల్నా? బోర్డు అమ్మితే ఆళ్ళ ఇల్లు, మీ ఇల్లు రెండూ మంచిగుండు," అన్నాడట. ఈ బోర్డు చిప్పు కూడా ఎప్పుడో ఒకప్పుడు అరిగేదేననీ, అక్కరలేని యాప్‌లు తీసివేసి, ఉరుముల వేళ ప్లగ్గు పీకి ఉంచమనీ చెప్పాడు. మూత మాత్రం మీరెవరూ విప్పవద్దని, ప్లగ్గు తీసినా లోపల కొంతసేపు కరెంటు దాగి ఉంటుందని మా మేనకోడలికి ప్రత్యేకంగా చెప్పాడట. మీకూ అదే మాట.

కంపెనీ నుంచి బోర్డు సంగతి ఇంకా తేలలేదు. బావ ఫిర్యాదు వెనక్కు తీసుకోలేదు. "మనది బాగయింది. మనసొంటోళ్ళు ఎంతమందో!" అంటున్నాడు.

ఆ తరువాత వారం మా అక్క మిక్సీ కొనడానికి నిజామాబాదు వెళ్ళింది. మా మేనకోడలు కూడా వెళ్ళింది. దుకాణదారు ఇది ఎంత మెత్తగా రుబ్బుతుందో, ఎన్ని రంగులలో ఉన్నదో, ఎంత తగ్గించి ఇస్తాడో అన్నీ చెప్పాడు. చెప్పడం ముగిశాక ఇది అడిగిందట:

"ఇది చెడిపోతే విప్పేదెవరు? సామాను ఎన్నేండ్ల దాక దొరుకుతది? ఆ మాట బిల్లు మీద రాసిస్తరా?"

దుకాణదారు ఒక్క క్షణం దాని మొహంలోకి చూశాడట. ఆ తరువాత చేతిలో ఉన్న మిక్సీ కింద పెట్టి, లోపలికి వెళ్ళి, ఇంకొక మిక్సీ తెచ్చాడట.